కిడ్నీ మార్పిడి: ‘మా దగ్గర వద్దు’ అంటే అర్థమేంటి?

ఈసారి నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి. కిడ్నీ మార్పిడికి ఆసుపత్రులు ఎవరిని తీసుకుంటున్నాయి, ఎవరిని వద్దంటున్నాయి, అందులో ప్రభుత్వ నిబంధనల పాత్ర ఎంత? ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాయినకు 61 ఏండ్లు. షుగరు 18 ఏండ్ల నుంచి ఉంది. ఎనిమిది నెలల కింద గుండెకు స్టెంటు వేసిండ్రు. యాడాదిన్నర నుంచి డయాలసిస్ నడుస్తుంది. మా అమ్మ కిడ్నీ ఇస్తనంటుంది. హైదరాబాదుల ఒక పెద్ద దవాఖాన్ల చూపిస్తే “రిస్కు ఎక్కువ, మేం చెయ్యం” అన్నరు. అమెరికాల ఉన్న మా బావ ఏమంటడంటే, అక్కడ సర్కారు దవాఖానలకు మార్కులేస్తదట, మార్కులు పోతయని ఇట్లాంటోళ్ళను తీసుకోరట. ఇక్కడ కూడ అదేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ బావగారు చెప్పింది చాలావరకు నిజం. కానీ ఆ నిబంధనలు ఈమధ్య మారాయి. ముందు అక్కడి సంగతి చూద్దాం. ఇక్కడి పరిస్థితి దానితో పోల్చి చూస్తేనే బాగా తెలుస్తుంది.

అమెరికాలో కిడ్నీ చెడిపోయిన వాళ్ళలో ఎక్కువమంది ఖర్చు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా భరిస్తుంది. డబ్బు కట్టేవాడికి షరతులు పెట్టే హక్కు ఉంటుంది కదా. 2007లో ఆ బీమా నడిపే శాఖ మార్పిడి కేంద్రాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. మార్పిడి జరిగిన ఏడాదిలో ఎంతమంది చనిపోయారు, ఎన్ని కిడ్నీలు పనిచేయడం మానేశాయి అని లెక్క తీస్తారు. రోగుల వయసు, షుగరు, డయాలసిస్ మీద గడిపిన కాలం, దాత వయసు లాంటివన్నీ కలిపి ఇన్ని వైఫల్యాలు రావచ్చని ఒక అంచనా వేస్తారు. నిజంగా వచ్చినవి ఆ అంచనాకు 1.5 రెట్లు దాటాలి, రెండింటి మధ్య తేడా 3 కంటే ఎక్కువ ఉండాలి, అది కేవలం దురదృష్టం వల్ల వచ్చే అవకాశం 100కి 5 లోపు ఉండాలి. ఈ మూడూ కలిస్తే ఆ కేంద్రం పట్టుబడినట్టే. సంజాయిషీ, దిద్దుబాటు ఒప్పందం, చివరికి మెడికేర్ చెల్లింపులు ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కేంద్రంలో 4 వైఫల్యాలు రావచ్చని అంచనా, 9 వచ్చాయి. రెండింతలు దాటింది, తేడా 5, యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం సుమారు 100కి 2. పట్టుబడింది. అదే చిన్న కేంద్రంలో అంచనా 1, వచ్చినవి 3 అనుకోండి. మూడింతలైనా తేడా 2 మాత్రమే కాబట్టి దాని జోలికి ఎవరూ రారు. మొదటి కేంద్రంలో ఆ అయిదుగురు అదనపు రోగులే మొత్తం కార్యక్రమం తలరాత మార్చేశారు. ఇక అక్కడి డాక్టరు ముందుకు మీ నాన్నగారి లాంటి రోగి వస్తే ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు.

రోగి జబ్బును బట్టి అంచనా సర్దుతారు కదా, మరి భయమెందుకు? షుగరు ఉందా లేదా అన్నది ఆ లెక్కకు తెలుసు. గుండె రక్తనాళాలు ఎంత మూసుకున్నాయి, మనిషి నాలుగడుగులు నడిచి ఆయాసపడుతున్నాడా, ఇంట్లో మందులు ఇచ్చేవాళ్ళు ఉన్నారా అన్నవి అంతగా తెలియవు. డాక్టరు కంటికి కనబడే ముప్పు లెక్కలో కనబడదు. అందుకే ఆ సర్దుబాటును ఎవరూ పూర్తిగా నమ్మలేదు. పట్టుబడిన కేంద్రాల్లో మార్పిడుల సంఖ్య తగ్గింది, వెయిటింగ్ లిస్టులోంచి జబ్బు ఎక్కువున్న వాళ్ళను తీసేయడం పెరిగింది. వయసు మీరిన దాతల కిడ్నీలను వద్దనడం కూడా అలవాటైంది. అమెరికాలో ఇటీవలి సంవత్సరాల్లో దాతల నుంచి తీసిన కిడ్నీల్లో దాదాపు నాలుగో వంతు ఎవరికీ అమర్చకుండానే పోతున్నాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి, మార్కుల భయం అందులో ఒకటి.

మా దృష్టిలో ఆ పద్ధతిలోని అసలు లోపం వేరే ఉంది. మార్పిడి చేసుకుని చనిపోయిన మనిషికి మార్కు పోతుంది. కాదనిపించుకుని డయాలసిస్ మీద చనిపోయిన మనిషికి ఏ మార్కూ పోదు. మీ నాన్నగారిని పోల్చాల్సింది 30 ఏళ్ళ ఆరోగ్యవంతుడైన గ్రహీతతో కాదు. మార్పిడి లేకుండా డయాలసిస్ మీదే ఉండిపోతే ఆయన ఎన్నేళ్ళు బతుకుతారన్న దానితో పోల్చాలి. ఆ పోలిక ఆ లెక్కలో లేదు. నిబంధన పూర్తిగా చెడ్డదనీ అనలేం. నిజంగా పని సరిగా లేని కేంద్రాలు దాని దెబ్బకే సర్దుకున్నాయి.

తర్వాత అక్కడివాళ్ళే తప్పు దిద్దుకున్నారు. 2016లో 1.5 రెట్లను 1.85కు పెంచారు. అంచనా 10, వచ్చినవి 17 అయితే పాత పద్ధతిలో పట్టుబడేది, కొత్త పద్ధతిలో పడదు. 2019లో అనుమతిని కొనసాగించడానికి ఈ ఫలితాల షరతునే ఎత్తేశారు. 2025 జూలై 1 నుంచి 103 ఆసుపత్రుల్లో ఆరేళ్ళపాటు ఇంకో ప్రయోగం నడుస్తోంది. అందులో 100 మార్కులకు 60 ఎన్ని మార్పిడులు చేశారన్న దానికి, 20 వచ్చిన కిడ్నీలను ఎంతవరకు స్వీకరించారన్న దానికి, 20 మాత్రమే అమర్చిన కిడ్నీ ఎంతకాలం నిలిచిందన్న దానికి. తూకం ఎటు మారిందో చూడండి.

ఇక ఇక్కడి సంగతి. మన దగ్గర ఆసుపత్రుల వారీగా, రోగుల జబ్బుకు తగ్గట్టు సర్దిన ఫలితాలను ప్రభుత్వం ప్రచురించే పద్ధతి లేదు. కాబట్టి మీ నాన్నగారిని కాదన్నది ప్రభుత్వ మార్కుల భయంతో కాదు. కానీ వేరే ఒత్తిళ్ళున్నాయి. పేరు పోతుందన్న జంకు ఒకటి. ప్యాకేజీ మొత్తం స్థిరంగా ఉంటే, రోగి నెలరోజులు ఐసీయూలో ఉన్నప్పుడు అదనపు ఖర్చు ఎవరు భరించాలన్నది ఇంకొకటి. ఇవి కాగితం మీద కనబడవు.

అందుకే ‘చెయ్యం’ అన్న మాట వినగానే అది మూడింట్లో ఏదో తేల్చుకోండి: ఇప్పుడు వద్దా, ఎప్పటికీ వద్దా, మా దగ్గర వద్దా? కారణం రాతపూర్వకంగా అడగండి. మీ నాన్నగారి విషయంలో చూడాల్సినవి ఇవి. మందుపూత స్టెంటు వేశాక రక్తం పలుచబడే రెండు మందులు మామూలుగా 6 నుంచి 12 నెలలు ఆపకూడదు. గుండెపోటు వచ్చి వేస్తే ఏడాది దాకా ఆగమంటారు. ఎనిమిదో నెలలో వద్దన్నారంటే అది ‘ఇప్పుడు వద్దు’ కావచ్చు. గడువు దాటాక ఎకో, గుండెకు శ్రమ పరీక్ష, అవసరమైతే యాంజియోగ్రాం చేయించి మళ్ళీ అడగండి.

రెండోది కటి ప్రాంతానికి సీటీ స్కాన్. కొత్త కిడ్నీ రక్తనాళాన్ని కాలికి వెళ్ళే పెద్ద ధమనికి కుడతారు. ఏళ్ళ తరబడి షుగరు, డయాలసిస్ ఉన్నవాళ్ళలో ఆ ధమని సున్నం పేరుకుని గట్టిపడితే సూది దిగదు, బిగించడానికి చోటు దొరకదు. రెండువైపులా అలా ఉంటే అది ‘ఎప్పటికీ వద్దు’కు దగ్గర. కాలి పుండు, గోళ్ళ కింద చీము లాంటివి ఉంటే ముందు మానాలి. ఈ రిపోర్టులు పట్టుకుని గుండెజబ్బు రోగులకు మార్పిడి తరచూ చేసే మరో కేంద్రంలో చూపించండి. రెండు చోట్లా ఒకే కారణం రాసిస్తే నమ్మండి. వయసు మాత్రం అడ్డు కాదు. చనిపోయిన దాత అవయవానికి పేరు నమోదు చేసుకోవడానికి ఉన్న 65 ఏళ్ళ పరిమితిని కూడా కేంద్రం 2023లో తీసేసింది.

ప్రశ్న: ఒక ఆసుపత్రి “98 శాతం సక్సెస్” అని బోర్డు పెట్టింది. నమ్మొచ్చా?
– నాగర్‌కర్నూలు

జవాబు: అంకె నిజమే కావచ్చు. ఏది కింద పెట్టి దేన్ని భాగించారన్నదే తెలియాలి. ఆపరేషన్ బల్ల మీద బతికినవాళ్ళా, 30 రోజులకా, ఏడాదికా? మనిషి బతికాడా, కిడ్నీ పనిచేస్తోందా? రెండూ ఒకటి కావు. కిడ్నీ పోయి తిరిగి డయాలసిస్‌కు వెళ్ళిన మనిషి బతికున్న లెక్కలోనే ఉంటాడు. బతికున్న దాత కిడ్నీకీ బ్రెయిన్ డెడ్ దాత కిడ్నీకీ ఫలితాలు వేరుగా ఉంటాయి, కలిపి చెబితే ఏదీ తెలియదు. 20 మార్పిడులు చేసినచోట ఒక్కటి పోతే 95 శాతం, ఏదీ పోకపోతే 100 శాతం. ఆ రెండింటి మధ్య తేడా ఒకే ఒక్క రోగి.

మేమైతే ఇలా అడుగుతాం: పోయినేడు ఎన్ని చేశారు, అందులో షుగరున్నవాళ్ళు ఎంతమంది, ఏడాది తర్వాత ఎన్ని కిడ్నీలు పనిచేస్తున్నాయి, మీ దగ్గరికి వచ్చిన ఎంతమందిని మార్పిడికి పనికిరారని పంపేశారు? చివరి ప్రశ్నకు జవాబు దొరకడం అరుదు. అడిగినప్పుడు మొహం ఎలా పెడతారో చూసినా కొంత తెలుస్తుంది.

ప్రశ్న: అమెరికాలో లాగా ఫలితాలు చూడకపోతే మన ప్రభుత్వం చూసేదేమిటి?
– దేవరకొండ

జవాబు: మన చట్టం పుట్టింది కిడ్నీల అమ్మకం ఆపడానికి. 1994 కేంద్ర చట్టం, 2011 సవరణ, 2014 నిబంధనలు, ఇవన్నీ మొదట చూసేది దాత ఎవరు, డబ్బు చేతులు మారిందా అన్నదే. ఆసుపత్రికి నమోదు పత్రం ఉండాలి, అది అయిదేళ్ళకే చెల్లుతుంది. నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు), మార్పిడి సర్జన్, మత్తు డాక్టరు, ఐసీయూ, ల్యాబు, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉన్నారా అని తనిఖీ చేస్తారు. ప్రతి దాతకూ గ్రహీతకూ జాతీయ సంస్థ నోటో ఇచ్చే గుర్తింపు సంఖ్య ఉండాలి. బతికున్న దాత విషయంలో అది ఆపరేషన్ తర్వాత 48 గంటలు దాటకుండా నమోదవ్వాలని 2024లో ఆదేశించారు.

తెలంగాణలో చాలాకాలం ఉమ్మడి రాష్ట్రపు 1995 చట్టమే నడిచింది. 2025 జనవరిలో హైదరాబాద్ సరూర్‌నగర్ ప్రాంతంలో అనుమతి లేకుండా కిడ్నీ మార్పిడులు చేస్తున్న వ్యవహారం బయటపడింది. అదే ఏడాది మార్చిలో శాసనసభ కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. రోగికి దీనివల్ల కలిగిన చిన్న మేలు ఒకటుంది. పాత చట్టం దగ్గరి బంధువుల జాబితాలో తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ లేరు. 2011 సవరణలో వాళ్ళూ, మనవళ్ళూ చేరారు. జతలు మార్చుకునే పద్ధతి కూడా అందులోనే వచ్చింది. మీ ఇంటి దాత రక్తం గ్రూపు మీ రోగికి కలవక, వేరే ఇంటి వాళ్ళదీ అలాగే ఉంటే ఇద్దరు దాతలూ ఒకరి రోగికి ఒకరు ఇచ్చుకోవచ్చు. ఇద్దరూ తమ తమ రోగులకు దగ్గరి బంధువులై ఉండాలి.

అంటే మన నియంత్రణ గేటు దగ్గర గట్టిగా ఉంది, లోపల ఏం జరిగిందన్నది చూడదు. అమెరికాలో లోపలే ఎక్కువ చూసి కొంతకాలం గేటు ఇరుకైపోయింది.

ప్రశ్న: మా మేనమామ మా తమ్మునికి కిడ్నీ ఇస్తనన్నడు. సొంత మేనమామ, ఎత్తుకొని పెంచినోడు. కమిటీకి పోవాలె అంటున్నరు, కాగితాలు సరిగ లేవని రెండుసార్లు తిప్పిండ్రు. ఏం జేయాలె?
– గద్వాల

జవాబు: మన ఇళ్ళలో మేనమామ కంటే దగ్గరివాడు ఎవరుంటారు? కానీ చట్టం దృష్టిలో ఆయన దగ్గరి బంధువు కాదు. భార్య, భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఇటు తాతలు అమ్మమ్మ నాయనమ్మ, అటు మనవడు మనవరాలు. జాబితా అంతే. మేనత్త, చిన్నాన్న, బావ, వదిన, అల్లుడు, కోడలు, అత్త, మామ అందరూ బయటే. బయట ఉన్నంత మాత్రాన ఇవ్వకూడదని కాదు. అభిమానంతో ఇస్తున్నారని అనుమతి కమిటీ ముందు రుజువు చేయాలి.

ఫైలు తిరిగి వచ్చేది ఎక్కువగా పేర్ల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పదోతరగతి మెమోలో వెనక, రేషన్ కార్డులో అసలు లేదు. అమ్మకు పెళ్ళయ్యాక ఇంటిపేరు మారితే ఆమె, మేనమామ ఒకే తల్లి పిల్లలని కాగితం మీద తెలియదు. కాబట్టి ముందు ఆధార్‌లు సరిచేయించండి. తాసీల్దారు కార్యాలయం నుంచి మీ అమ్మమ్మ, తాతల కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. అమ్మ, మేనమామ ఇద్దరి పేర్లూ అందులో ఉండాలి. పాత పెళ్ళి ఫొటోలు, తమ్ముడి పుట్టువెంట్రుకల ఫొటోలు, ఇద్దరూ కనబడేవి జతచేయండి. దాతకు, గ్రహీతకు ఇద్దరికీ మూడేళ్ళ ఆదాయం, వృత్తి రుజువులు కావాలి. దాత కూలీ, గ్రహీత స్థితిపరుడు అయితే కమిటీ ఎక్కువ గుచ్చి అడుగుతుంది. అది అవమానం కాదు, వాళ్ళు అక్కడ కూర్చున్నదే అందుకు.

మేనమామ భార్యను కూడా పిలుస్తారు. “ఎందుకు ఇస్తున్నారు, ఇచ్చాక పొలం పని ఎన్నాళ్ళు ఆగాలో తెలుసా?” అని అడిగితే ఆమె “నాకేం తెల్వదు, ఆయన చెప్పిండు” అంటే ఫైలు అక్కడే ఆగుతుంది. ఆమెకు ముందే డాక్టరు చేత అన్నీ చెప్పించండి. విచారణ వీడియో తీస్తారు. దాత ఆడమనిషి అయితే ఆమె ఇష్టాన్ని రోగి కాని మరొకరు విడిగా నిర్ధారించాలని నిబంధన ఉంది. మన దేశంలో ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ. ఆ నిబంధన ఊరికే పెట్టలేదు. కూర్చున్న 24 గంటల్లో కమిటీ నిర్ణయం చెప్పాలి, కారణం రాయాలి, నోటీసు బోర్డులో పెట్టాలి. కాదంటే 30 రోజుల్లో ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. ‘కాగితాలు సరిగా లేవు’ అని నోటిమాటగా తిప్పి పంపితే అప్పీలుకు ఆధారం ఉండదు. ఏ కాగితం తక్కువైందో రాసివ్వమనండి.

మేనరికం ఇళ్ళకు ఒక జాగ్రత్త. వంశంలో చిన్న వయసులో కిడ్నీ చెడిపోయినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే దాతకు కూడా వారసత్వ జబ్బు ఉందేమో ముందే చూపించాలి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. కొడుక్కు కిడ్నీ ఇద్దామంటే నాకు మోకాళ్ళు, నడుము పట్టేసి ఉంటయి. ఫ్లోరైడు నీళ్ళు తాగినోళ్ళు పనికిరారని ఎవరో అన్నరు. నా వయసు 52.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏ ఊరి నీళ్ళు తాగారన్నదాన్ని బట్టి దాతను కాదనే నిబంధన ఏదీ లేదు. మీ కిడ్నీలు ఎలా ఉన్నాయన్నదే లెక్క. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను పోతోందా అన్న పరీక్ష కనీసం రెండుసార్లు, రెండు కిడ్నీలూ విడివిడిగా ఎంత వడకడుతున్నాయో చెప్పే డీటీపీఏ స్కాను, రక్తనాళాలకు సీటీ యాంజియోగ్రాం, 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే షుగరు పరీక్ష, 24 గంటల బీపీ. ఇవి బాగుంటే ఫ్లోరైడు ఒక్కటే అడ్డు కాదు.

అయితే మీ విషయంలో రెండు సంగతులు మీరే ముందు చెప్పాలి. ఒకటి, నొప్పి మాత్రలు. ఫ్లోరైడు నొప్పులకు ఏళ్ళ తరబడి డైక్లోఫెనాక్ లాంటివి మింగిన వాళ్ళు మీ వైపు చాలామంది. కిడ్నీని దెబ్బతీసేది చాలాసార్లు ఆ మాత్రలే. ఎన్నేళ్ళు, రోజుకెన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి. రెండు, మెడ. ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్ను కండరబంధాలు ఎముకలా గట్టిపడతాయి. మెడ వెనక్కి వంగకపోతే మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేయడం కష్టం. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే వేరే పద్ధతి సిద్ధం చేసుకుంటారు. బల్ల మీదికెక్కాక తెలిస్తే ప్రమాదం.

ఇచ్చిన తర్వాత ఒక్క కిడ్నీయే ఫ్లోరైడును బయటికి పంపాలి. బోరునీళ్ళు పూర్తిగా మానేసి మిషన్ భగీరథ కుళాయి నీళ్ళే తాగండి, వంటకూ అవే. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 1.5 దాటకూడదు. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. మీ అబ్బాయికీ ఇదే వర్తిస్తుంది. కిడ్నీ పనిచేయనివాళ్ళ ఒంట్లో ఫ్లోరైడు ఇంకా ఎక్కువ నిలుస్తుంది.

ప్రశ్న: వనపర్తిలో డయాలసిస్ చేయించుకుంటున్నాను. హిమోగ్లోబిన్ 6కు పడిపోయినప్పుడల్లా రక్తం ఎక్కిస్తున్నారు, ఇప్పటికి ఆరుసార్లు. మార్పిడికి పేరు పెట్టుకునేలోపు నేనేం చేయాలి?
– వయసు 34

జవాబు: మొదట ఆ రక్తం సంగతి. ఎక్కించిన ప్రతిసారీ పరాయి మనిషి కణాలు మీ ఒంట్లోకి వస్తాయి, వాటిపై మీ ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి పెరిగితే రేపు ఏ దాతతో క్రాస్‌మ్యాచ్ (మీ రక్తాన్ని దాత కణాలతో కలిపి చూసే పరీక్ష) పెట్టినా పాజిటివ్ రావచ్చు, అంటే ఆ కిడ్నీ మీకు పెట్టలేరు. ‘మా దగ్గర వద్దు’ అనిపించుకునే దారుల్లో ఇది పెద్దది, పైగా చాలావరకు తప్పించుకోదగ్గది. రక్తం బదులు ఒంట్లో రక్తం తయారయ్యేలా చేసే ఎరిత్రోపొయెటిన్ సూది, నరం ద్వారా ఐరన్ ఇచ్చి హిమోగ్లోబిన్‌ను 10 నుంచి 11.5 మధ్య నిలపాలి. సూది వేస్తున్నా పెరగకపోతే ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చూపించండి, ఐరన్ తక్కువైతే ఎంత సూది వేసినా పనిచేయదు. తప్పనిసరై ఎక్కించాల్సివస్తే తెల్లకణాలు వడకట్టిన రక్తం అడగండి. ఎక్కించిన తేదీలు రాసిపెట్టుకోండి, ల్యాబుకు అవి కావాలి.

మీరు ఆడవాళ్ళయి, పిల్లలు పుట్టి ఉంటే ఇంకో మాట. కాన్పుల్లో భర్త కణజాలంపై యాంటీబాడీలు ఏర్పడి ఉండొచ్చు. దాత భర్తే అయితే ఆ పరీక్ష మొదటే చేయించండి, మిగతా ఖర్చులన్నీ అయ్యాక కాదు.

హెపటైటిస్ బి టీకా డయాలసిస్ రోగులకు మామూలు మోతాదుకు రెట్టింపు, 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు. తర్వాత రక్షణ వచ్చిందో లేదో రక్తంలో చూడాలి, 10 యూనిట్లు దాటాలి. హెపటైటిస్ సి ఉందని భయపడకండి, 12 వారాల మాత్రలతో చాలామందికి నయమవుతుంది. పళ్ళు చూపించుకోండి. మెడలో గొట్టంతో నడిపించకుండా చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపే చిన్న ఆపరేషన్) పెట్టించుకోండి, గొట్టం ఇన్‌ఫెక్షన్ తగ్గేదాకా మార్పిడి చేయరు. డయాలసిస్ తప్పిస్తే రిజిస్టరులో పడుతుంది. డయాలసిస్‌కే రానివాడు మందులు వేసుకుంటాడా అని మార్పిడి డాక్టరు అనుమానపడతారు.

ప్రశ్న: జీవన్‌దాన్‌లో పేరుంది. అచ్చంపేట నుంచి పిలుపు వస్తే అందుకోగలమా?
– ఒక పాఠకుడు

జవాబు: అందుకోవచ్చు. చనిపోయిన దాతల అవయవాలను కేటాయించే రాష్ట్ర ప్రభుత్వ పథకమే జీవన్‌దాన్. బయటికి తీసిన కిడ్నీని మంచుపెట్టెలో 24 గంటల లోపు అమర్చాలన్నది మామూలు లక్ష్యం, ఎంత తొందరగా అయితే అంత మంచిది. క్రాస్‌మ్యాచ్‌కే నాలుగైదు గంటలు పడుతుంది, ఆ వ్యవధిలో మీరు హైదరాబాదు చేరొచ్చు. ఫోను రాత్రి సైలెంట్‌లో పెట్టకండి, ఇంట్లో ఇద్దరి నంబర్లు ఇవ్వండి. పిలుపు రాగానే తినడం, తాగడం ఆపండి. చివరి డయాలసిస్ చీటీ, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండే బరువు), మందుల జాబితా ఒక సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. క్రాస్‌మ్యాచ్ కోసం ల్యాబులో మీ రక్తం తాజా నమూనా ఉండాలి. మధ్యలో రక్తం ఎక్కించుకుంటే కొత్త నమూనా పంపాలి, పాతదాంతో చేస్తే ఫలితం తప్పుతుంది.

ఒక్క కిడ్నీకి ఇద్దరు ముగ్గురిని పిలుస్తారు. జ్వరం ఉన్నా, క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చినా వెనక్కి పంపుతారు. నోటో రూపొందించిన పద్ధతిలో డయాలసిస్ మీద గడిపిన ప్రతి నెలకూ ఒక పాయింటు ఉంది. అందుకే మొదటి డయాలసిస్ తేదీ రుజువు పోగొట్టుకోకండి. ఇంకొకటి ఇప్పుడే మాట్లాడుకోవాలి: దాత వయసు 60 దాటినా, క్రియాటినిన్ కాస్త ఎక్కువున్నా తీసుకుంటారా? అర్ధరాత్రి ఫోనులో అడిగితే ఎవరైనా వద్దంటారు. మీ వయసు 55 దాటి, దాతలు ఇంట్లో లేకపోతే అలాంటి కిడ్నీ చాలాసార్లు ఇంకో నాలుగేళ్ళ డయాలసిస్ కంటే మేలు.

ప్రశ్న: ఒకాయన ఇన్ని లక్షలిస్తే కిడ్నీ, ఆపరేషన్ అన్నీ తానే చూసుకుంటనంటున్నడు.
– సూర్యాపేట

జవాబు: వద్దు. ఇచ్చినవాడికి, పుచ్చుకున్నవాడికి, మధ్యవర్తికి 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. ఆసుపత్రి నమోదు పత్రం చూపించమనండి, జీవన్‌దాన్ జాబితాలో పేరు ఉందేమో చూడండి.

ప్రశ్న: మార్పిడికి పోతే మా ఇంట్ల ఎంతమంది, జీతమెంత, దవాఖానకు ఎంత దూరం అని అడిగిండ్రు. పేదోళ్ళమని తీసెయ్యడానికేనా?
– నారాయణపేట

జవాబు: ఆ ప్రశ్నలు అడగడం తప్పు కాదు. ఆ జవాబుల మీదే కాదనడం తప్పు. ఒళ్ళు కొత్త కిడ్నీని తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ వేసుకోవాలి. మొదటి నెలలో వారానికి రెండుసార్లు రక్తపరీక్షకు రావాలి. ఇది చేయలేని ఇంట్లో కిడ్నీ నిలవదన్నది డాక్టరు భయం. ఆరోగ్యశ్రీలో మార్పిడికీ, తర్వాతి మందులకూ సాయం ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి పరిమితి ఏడాదికి 10 లక్షలు. కాబట్టి జీతం సంగతి అడిగినప్పుడు ఆరోగ్యశ్రీ కార్డు ముందు పెట్టండి. “మాత్రలు ఎవరు ఇస్తారు, పరీక్షకు ఎవరు తీసుకొస్తారు” అన్నదానికి పేరుతో సహా జవాబు చెప్పండి.

మందులు అయిపోయాక కాదు, ఇంకా పది రోజులకు సరిపడా ఉన్నప్పుడే వెళ్ళి తెచ్చుకోండి. టాక్రోలిమస్ పన్నెండు గంటలకోసారి. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా రక్తం ఇచ్చి, ఆ తర్వాత వేసుకోవాలి. వేసుకుని ఇస్తే అంకె ఎక్కువగా కనబడి డాక్టరు మోతాదు తగ్గిస్తారు, అప్పుడు ఒళ్ళు కిడ్నీని తిరస్కరించే ప్రమాదం ఉంది. ఫంగస్ మందులు, క్లారిత్రోమైసిన్ లెవెల్‌ను పెంచుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్ బాగా పడగొడుతుంది. పంపరపనస తినకండి. ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మందుల చీటీ చూపించాకే కొత్త మాత్ర తీసుకోండి.